జూమ్ లేని కెమెరా, ఉడకని పప్పు

ఆ కెమెరా ఇప్పుడు నా దగ్గరే ఉంది. ఎందుకు ఉంచుకున్నావని ఎవరైనా అడిగితే మాత్రం నాకు సరిగ్గా చెప్పడం రాదు. మంచిదని చెబుదామంటే దాని లోపాలు నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియవు. పనికిరాదని చెబుదామంటే నోరు రాదు. ఆ వారమంతా నన్ను రెండు సంగతులు సతాయించాయి. ఈ కెమెరా మంచిదా కాదా అన్నది ఒకటి, మా అత్తయ్య మా ఇంట్లో ఉంటుందా వెళ్ళిపోతుందా అన్నది ఇంకొకటి. రెండింటికీ సంబంధం ఏమిటని అప్పుడే అడక్కండి. మొదట్లో నాకూ తెలియలేదు.

నా ఉద్యోగం తప్పులు పట్టడం. హైటెక్ సిటీలో ఒక అద్దాల భవనంలో కూర్చుని, వేరేవాళ్ళు రాసిన సాఫ్ట్‌వేర్‌ని నొక్కి, గిల్లి, ఎక్కడ విరుగుతుందో చూస్తాను. అందరూ బాగుందన్న దాంట్లో బాగోనిది చూపించడమే నా పని. ఇంట్లో కూడా నాకు అదే బుద్ధి అని మా ఆయన అంటాడు. అననివ్వండి, జీతం ఇస్తున్నది ఆ బుద్ధికే.

మా ఆఫీసులో నా పక్క సీటతను తన కెమెరా అమ్మేద్దామనుకుని ముందు నన్నే అడిగాడు. "పది రోజులు వాడి చూడండి మేడమ్. నచ్చితే ఉంచుకోండి, లేదంటే మొహమాటం లేకుండా ఇచ్చేయండి" అని బ్యాగులోంచి తీసి నా టేబుల్ మీద పెట్టాడు. అరచేతిలో పట్టేంత ఉంది. ఇంత చిన్నదానికా ఇన్నాళ్ళు ఇంత గొప్పలు చెప్పాడు అనుకున్నాను. "లోపల ఫుల్ ఫ్రేమ్ మేడమ్" అన్నాడు, పెళ్ళిచూపుల్లో పిల్ల చదువు గురించి చెప్పినట్టు గొంతు తగ్గించి. మెడకు వేలాడేసుకునే పెద్ద పెద్ద కెమెరాల్లో వెలుతురుని పట్టి బొమ్మగా మార్చే పలక ఒకటుంటుంది, సెన్సర్ అంటారు. అంత పెద్ద సెన్సర్‌ని ఈ చిన్న డబ్బాలో కూర్చారట.

సరే, జూమ్ ఎక్కడుందని వెతికాను. లేదు. లెన్స్ ఊడదీసి ఇంకోటి పెట్టుకుందామంటే అదీ కుదరదు, అతికించేశారు.

"మరి దూరంగా ఉన్నదాన్ని తీయాలంటే?"

"నడిచి దగ్గరికి వెళ్ళాలి మేడమ్."

"ఓరి నాయనో! ఫోన్లో వేళ్ళతో లాగితే వస్తుంది కదయ్యా!"

"ఫోన్లో లాగితే బొమ్మ చెదిరిపోతుంది. ఇందులో తీశాక ఎంతైనా కోసుకోండి, ఏ మూల ముక్క తీసుకున్నా స్పష్టంగా ఉంటుంది. పైగా ఇది మనిషి కళ్ళను వెతికి పట్టుకుంటుంది. ఎదురుగా ఎవరున్నా ముందు కంటి మీదే నిలబడుతుంది" అన్నాడు. ఆ ఆఖరి మాట నేను పెద్దగా పట్టించుకోలేదు.

తిప్పి తిప్పి చూస్తే నాకు తలనొప్పి వచ్చింది. మియాపూర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, హైటెక్ సిటీ చేరేలోపు సరదాగా నాలుగు బొమ్మలు తీశానో లేదో, బ్యాటరీ నీరసించిపోయింది. చెయ్యి కొంచెం వణికితే బొమ్మా వణుకుతుంది, దాన్ని ఆపే ఏర్పాటు ఏదీ లోపల లేదు. పోనీ పనికిమాలినదా అంటే, మా ఆఫీసు వెనక సందులో చీకటి పడ్డాక మిర్చి బజ్జీల బండి దగ్గర తీసిన ఫోటోలో నూనె బుడగలు కూడా విడివిడిగా కనబడ్డాయి. బజ్జీ కోసం నిలబడ్డ ఒకమ్మాయి మెళ్ళో ఐడీ కార్డు తాడు నేత సైతం లెక్కపెట్టొచ్చు. దీన్ని తిట్టాలో మెచ్చుకోవాలో అర్థం కాలేదు.

అన్నిటికన్నా వింత, నొక్కితే చప్పుడు రాకపోవడం. తీసిందో లేదో నాకే తెలియదు. ఆఫీసులో పిల్లల్ని వరుసగా నిలబెట్టి నొక్కితే, వాళ్ళు పళ్ళు బయటపెట్టి అలాగే నిలబడి "అయిందా అక్కా?" అని అడుగుతారు. ఎప్పుడో అయిందంటే నమ్మరు. ఫోటో తీయించుకున్న తృప్తి ఎవరికీ లేదు.

ఇక మా ఇంటి సంగతి చెప్పాలి. మా ఆయనది కోకాపేట పక్క ఊరు, హిందువులు. మాది తెనాలి వైపు, క్రైస్తవ కుటుంబం. ఒకే ఆఫీసులో పనిచేస్తూ ఇష్టపడి పెళ్ళి చేసుకున్నాం. మామయ్య పోయాక అత్తయ్య మియాపూర్‌లో మా ఫ్లాట్‌కి వచ్చి ఉంటోంది. ఆవిడ గదిలో ఆవిడ దేవుళ్ళు, హాల్లో నా బైబిలు. ఒకరి జోలికి ఒకరు పోము. సాయంత్రం నేను ఆఫీసు నుంచి వస్తే తలుపు తీసేది ఆవిడే. తీయగానే నా మొహంలోకి చూసి, "గీ దినం ఎవరు తిట్టిన్రు బిడ్డా?" అని అడుగుతుంది. ఎవరూ తిట్టకపోయినా నేను ఎవరో ఒకరి పేరు చెబుతాను. ఆవిడ వాళ్ళను నాలుగు తిట్లు తిట్టి నాకు టీ ఇస్తుంది.

నెలకొకసారి శనివారం మా చర్చి సంఘం వాళ్ళు మా ఇంట్లో ప్రార్థనకు వస్తారు. పాటలు పాడతాం, అయ్యగారు, అంటే మా పాస్టర్ గారు, బైబిలు వాక్యం చెబుతారు, మధ్యమధ్య ఒకరి తరువాత ఒకరు ప్రార్థన చేస్తారు, ఆ తరువాత భోజనం. ఆ రోజు కూరలు నేను ఏం వండినా పప్పు మాత్రం అత్తయ్యదే. ముందే వండి పెట్టెయ్యమంటే వినదు. "ఇంటికొచ్చినోళ్ళకు సల్లారిన పప్పు పెడ్తమా?" అంటుంది. అందరూ వచ్చి కూర్చున్నాకే కుక్కర్ ఎక్కిస్తుంది. ప్రార్థన అయ్యేసరికి తన పప్పూ అవుతుందని ఆవిడ లెక్క.

కానీ అది ఉడకదు! మామూలు రోజుల్లో ఆవిడ పప్పు వెన్నలా ఉంటుంది. ప్రార్థన ఉన్న రోజు మాత్రం పలుకు పలుకుగా పంటికింద పడుతుంది. అదే కంది పప్పు, అదే కుక్కర్, అదే చెయ్యి. నా వృత్తిలో అయితే దీన్ని పట్టుకోవడం క్షణం పని. తప్పు ఒకే ఒక్క పరిస్థితిలో వస్తోంది, ఆ పరిస్థితి పేరు ప్రార్థన. ఇంకేం రుజువు కావాలి? ఆవిడకు మా ప్రార్థన గిట్టదు, పైకి చెప్పలేక పప్పు మీద చూపిస్తోంది అని తేల్చేసుకున్నాను.

కెమెరా నా దగ్గరున్న ఆ శనివారం కూడా ప్రార్థన పడింది. మీ ఇంట్లో ప్రార్థన కూడిక ఎలా జరుగుతుందో ఒక్క ఫోటో పంపవే అని మా అమ్మ ఎప్పటినుంచో అడుగుతోంది. ప్రార్థనలో ఫోన్ ఎత్తితే మర్యాదగా ఉండదు. దీనికి చప్పుడు లేదు కదా, ఒళ్ళో పెట్టుకుని నొక్కితే ఎవరికి తెలుస్తుంది అనుకున్నాను. బాల్కనీ తలుపు దగ్గర కూర్చున్నాను. ఎదురుగా హాలంతా జనం, వాళ్ళ వెనక తలుపు లేని మా వంటిల్లు. పాటలప్పుడు కొన్ని తీశాను. అయ్యగారు "ప్రార్థన చేద్దాం" అనగానే ఆడవాళ్ళందరూ కొంగు తలమీదికి లాక్కుని తలలు వంచారు, మగవాళ్ళూ తల వంచి కళ్ళు మూసుకున్నారు. అప్పుడూ కొన్ని తీశాను. పాటలు, ప్రార్థనలు మళ్ళీ మళ్ళీ వస్తాయి కాబట్టి రెండు రకాలూ చాలా వచ్చాయి.

తరువాత భోజనాలు. అయ్యగారు పప్పు కలుపుకుని ఒక ముద్ద నమిలి, "మీ ఇంట్లో పప్పు తింటే పళ్ళు గట్టిపడతాయండి" అన్నారు. అందరూ నవ్వారు. ఆయన సరదాగా అన్నదే. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. గిన్నె తీసుకుని వంటింట్లోకి పోయి, "మా ప్రార్థన మీకు గిట్టదని నేరుగా చెప్పొచ్చు కదా అత్తయ్యా! పప్పు ఉడకనివ్వకుండా ఎందుకీ పరువు తీయడం?" అన్నాను. నెమ్మదిగా అన్నాననుకున్నాను కానీ హాల్లోకి వినబడిందని తరువాత తెలిసింది.

అత్తయ్య కొంగుతో చేతులు తుడుచుకుంది. నావైపు చూసి, "పప్పు ఉడకలే. నిజమే" అంది. అంతే. తిరిగి ఒక్క మాట అనలేదు. అంటే నేను ఇంకో నాలుగు అనడానికి సిద్ధంగా ఉన్నాను!

సాయంత్రం లింగంపల్లిలో ఉండే పెద్ద కొడుక్కి ఫోన్ చేసింది. నేను పక్కనే ఉన్నాను. "వచ్చే ఐతారం వచ్చి నన్ను తీస్కపో. ఆఁ, ఇగ ఆడనే ఉంట. ఏం కాలే, మంచిగనే ఉన్న" అంది. ఫోన్ పెట్టేసి మంచం కింద నుంచి సంచి లాగి దులిపింది.

నాకు సంతోషం కలగాలి కదా, కలగలేదు. మా ప్రార్థన గిట్టని మనిషి వెళ్ళిపోతుంటే ఈ దిగులేమిటో తెలియలేదు. సాయంత్రం తలుపు ఎవరు తీస్తారు, నా మొహంలోకి ఎవరు చూస్తారు అనే ఆలోచన వచ్చి నామీద నాకే విసుగు పుట్టింది. మా ఆయన్ని పట్టుకుని "మీ అమ్మని ఉండమని చెప్పు" అన్నాను.

"నేను చెప్తే నువ్వు చెప్పిపిచ్చినవ్ అంటది. మీ ఇద్దరి నడుమ నన్నెందుకు గుంజుతవ్? నువ్వే చెప్పు, ఉంటది."

"నేనెందుకు చెప్పాలి? తప్పు నాదా?"

"మరి ఇగ ఫికర్ ఎందుకు?" అని టీవీ పెట్టుకున్నాడు.

సోమవారం ఆఫీసులో మధ్యాహ్నం కెమెరాలోంచి కార్డు తీసి కంప్యూటర్లో పెట్టాను. ప్రార్థన ఫోటోలు చూసి నా ప్రాణం ఉసూరుమంది. ముందున్న మా సంఘం వాళ్ళందరూ మసక. అయ్యగారు మసక. కొంగులన్నీ రంగు మరకలు. వాళ్ళందరినీ వదిలేసి, వెనక వంటింట్లో స్టవ్ దగ్గర నిలబడ్డ మా అత్తయ్య మాత్రం ముక్కుపుడకతో సహా చక్కగా వచ్చింది. తలలు వంచిన ప్రతి ఫోటోలో ఇదే వరస.

"ఇదేనా నువ్వు చెప్పిన గొప్ప కెమెరా?" అని పక్క సీటతన్ని పిలిచాను. అతను వంగి చూసి తల గోక్కున్నాడు.

"ఇది కళ్ళను వెతుకుతుంది కదా మేడమ్. వీళ్ళందరూ తల వంచుకుని ముసుగులేసుకున్నారు, మొహాలే దొరకలేదు. తెరిచిన కళ్ళు మొత్తం ఇంట్లో ఆ పెద్దావిడవే ఉన్నాయి. ఇది అక్కడికి పోయింది. దీంతో ఇదే గొడవ. ఏం చేస్తాం, ఆమె మాత్రం చాలా బాగా వచ్చింది" అన్నాడు. అని తన సీటులోకి పోయి పని చేసుకోసాగాడు.

ప్రార్థనలో కళ్ళు తెరుచుకుని ఏం చూస్తోంది ఈవిడ? ముక్క కోసుకోవచ్చన్నాడు కదా అని వంటింటి భాగం వరకు కోసి తెర నిండా పెట్టాను. అత్తయ్య చూపు హాలు వైపు ఉంది. ఊపిరి బిగబట్టినట్టు పెదాలు గట్టిగా మూసుకుంది. కుడి చెయ్యి స్టవ్ మర మీద ఉంది. కుక్కర్ పొయ్యి మీదే ఉంది. కుక్కర్ కింద మంట లేదు.

గ్యాస్ అయిపోయిందేమో అనుకున్నాను. దానికి ముందరి ఫోటో తెరిచాను. అందులో అందరూ పాడుతున్నారు, నోళ్ళు తెరిచి ఉన్నాయి. అత్తయ్య కొంచెం మసకగా ఉన్నా కుక్కర్ కింద నీలం మంట తెలుస్తోంది. తరువాతి ఫోటో తెరిచాను. తలలు వంచారు, మంట లేదు. ఇంకొకటి తెరిస్తే మళ్ళీ పాట, మళ్ళీ మంట. అన్నీ ఒకదాని తరువాత ఒకటి తిప్పాను. పాడుతున్న ఏ ఫోటోలోనూ మంట లేకుండా లేదు. తలలు వంచిన ఏ ఫోటోలోనూ మంట లేదు.

కుక్కర్ విజిల్ వేస్తుందని! మేము కళ్ళు మూసుకుని ప్రార్థిస్తుంటే మధ్యలో విజిల్ వేస్తుందని, ప్రార్థన మొదలవగానే పొయ్యి కట్టేస్తోంది. పాట అందుకోగానే మళ్ళీ వెలిగిస్తోంది. ఆవిరి పట్టేలోపు మళ్ళీ ప్రార్థన, మళ్ళీ కట్టెయ్యడం. అలా అయితే పప్పు ఎలా ఉడుకుతుంది? పప్పు కాదు, ఏదీ ఉడకదు!

నాకు ఏడుపు వచ్చింది, కోపమూ వచ్చింది. ఏది ముందు వచ్చిందో చెప్పలేను. ఆ కెమెరా గురించీ ఏమనుకోవాలో తోచలేదు. తీయమన్నది తీయలేదు, కాబట్టి లోపమే. అది ఆ లోపం లేకుండా సవ్యంగా పనిచేసి ఉంటే నాకు అయ్యగారి మొహం తప్ప ఇంకేం దొరికేది కాదు.

ఇంటికి వెళ్ళేసరికి అత్తయ్య తలుపు తీసింది. ఆ వేళ ఎవరు తిట్టారని అడగలేదు. నేను చెప్పులు కూడా విప్పకుండా కెమెరా తీసి ఆవిడ ముందు పెట్టాను. కళ్ళజోడు తెచ్చుకుని ఆ చిన్న తెరలోకి చాలాసేపు చూసింది.

"గిది నేనేనా? మంచిగొచ్చిన" అంది ముందు. తరువాత కళ్ళజోడు పైనుంచి నన్ను చూసింది. "ఏంది పిల్లా, అందరు కండ్లు మూసుకుంటే నువ్వు చేసేది గిదా?"

"నా సంగతి తరువాత. పొయ్యి ఎందుకు కట్టేశారు అత్తయ్యా?"

"మరి? మీరు దేవునితోని మాట్లాడుతుంటే నడుమ కుక్కర్ సీటీ కొట్టుడేంది? మర్యాదనా?"

"ఆ ముక్క ఆ రోజే చెప్పొచ్చు కదండీ! నోరు ఉంది కదా!"

"ఏం చెప్పాలె? పప్పు ఉడకలేదన్నవ్. ఉడకలే. ఉడకలేదనే అన్న."

"నేనన్నది పప్పు గురించి కాదు. మా ప్రార్థన మీకు గిట్టదని అన్నాను."

"గది ఉత్త పిచ్చి మాట. పిచ్చి మాటకు జవాబేంది?" అంది చెయ్యి విసిరి. గొంతు మార్చి, "గంత మంది ముంగట పప్పు ఉడికిచ్చుడు రాదనిపిచ్చుకున్న. గిన్నేండ్లు వండినంక. గదే మస్తు సిగ్గయింది" అంది.

నేను ఒక దెబ్బ కొట్టాననుకుంటే ఆవిడకు ఇంకెక్కడో తగిలింది. ఆవిడ బాధకూ మతానికీ సంబంధమే లేదు, అంతా పప్పు గురించే. మరి ఇన్నాళ్ళు నేను ఎవరితో పోట్లాడినట్టు?

"అయితే లింగంపల్లి..." అన్నాను.

"పెద్దోనికి చెప్పిన గద. వస్తనన్నడు" అని కళ్ళజోడు తీసేసి తన గదిలోకి వెళ్ళిపోయింది.

ఉండండి అత్తయ్యా అంటే సరిపోయేది. ఎంత చిన్న మాట! అరవమంటే మూడు అంతస్తులకు వినబడేలా అరిచే నాకు ఆ మాట అనడం మాత్రం చేతకాలేదు. మంగళవారం చెబుదామనుకున్నాను, బుధవారం చెబుదామనుకున్నాను. ఆవిడ చీరలు మడత పెడుతుంటే నేను వెళ్ళి ఒక చీర అంచు పట్టుకుని మడత పెట్టడానికి సాయం చేసి వచ్చాను. ఇంతకన్నా తెలివితక్కువ పని ఇంకోటి ఉంటుందా? వెళ్ళొద్దని చెప్పాల్సిన మనిషిని నేనే దగ్గరుండి సర్ది పంపుతున్నాను.

ఆదివారం బావగారు, అంటే ఆవిడ పెద్ద కొడుకు, నేను చర్చి నుంచి వచ్చేసరికే కారు వేసుకుని వచ్చి కూర్చున్నారు. సంచి గుమ్మం దగ్గర పెట్టి ఉంది. ప్రయాణమయ్యే మనిషి చేత వండించకూడదని నేనే పప్పు కడిగి కుక్కర్ ఎక్కించాను. కనీసం ఒక ఫోటో అయినా ఉంచుకుందామని కెమెరా తీశాను. బ్యాటరీ చచ్చి ఉంది. ఛార్జింగు పెట్టడం మరిచిపోయాను. దీని మొహం మండ, ఇవాళే దొరికిందా అనుకుని పక్కన పడేశాను.

మా ఇళ్ళలో ఒక అలవాటుంది. ఎవరు ఊరెళుతున్నా గుమ్మం దాటే ముందు ప్రార్థన చేసి పంపుతాం. లింగంపల్లి ఎంత దూరమని మా ఆయన నవ్వాడు. "ఎంత దూరమైనా ప్రయాణం ప్రయాణమే" అని గదమాయించాను. నలుగురం హాల్లో కూర్చున్నాం. ఎవరూ చెప్పకుండానే అత్తయ్య కొంగు తలమీదికి లాక్కుంది. నేను కళ్ళు మూసుకుని మొదలుపెట్టాను. "ప్రభువా, మా అత్తయ్య ప్రయాణాన్ని..."

వంటింట్లో కుక్కర్ బుస కొట్టడం మొదలుపెట్టింది. పక్కన అత్తయ్య కదిలింది, లేవబోయింది. నేను కళ్ళు మూసుకునే ఆవిడ మణికట్టు దొరికించుకుని గట్టిగా పట్టుకున్నాను. "కూర్చోండి. కూయనివ్వండి" అన్నాను. విజిల్ ఇల్లంతా అదిరేలా వచ్చింది. ఆవిడ చెయ్యి నా చేతిలో గిలగిల్లాడింది. "ప్రయాణాన్ని..." అన్నాను మళ్ళీ. ఇంకో విజిల్ వచ్చింది. "ప్రభువా, ఈవిడ్ని పంపించొద్దు. నాకు ఈవిడ ఇక్కడే కావాలి" అనేశాను. ఆమెన్ చెప్పడం కూడా మరిచిపోయాను.

కళ్ళు తెరిచాను. మా ఆయన, బావగారు ఇంకా కళ్ళు మూసుకునే ఉన్నారు, మూసుకున్నట్టు నటిస్తున్నారో ఏమో. అత్తయ్య కళ్ళు మాత్రం తెరిచి ఉన్నాయి. కొంగు కింద నుంచి నన్నే చూస్తోంది.

"నన్ను అడగొచ్చు గద బిడ్డా. నడుమ ఆయన్ని పరేషాన్ చేసుడెందుకు?" అంది.

నా చెయ్యి విడిపించుకుని లేచింది. గుమ్మం దగ్గర సంచి తీసుకుని తన గదిలో పెట్టి వచ్చింది. మూడో విజిల్ అయ్యేదాకా ఆగి, వంటింట్లోకి వెళ్ళి పొయ్యి కట్టేసింది. అక్కడి నుంచే కేకేసింది. "పెద్దోడా, చేతులు కడుక్కొని రా, తిని పో. ఇయ్యాల పప్పు మంచిగ ఉడికింది."